ఎక్కిళ్ళు ఆగడం లేదు, గొంతు కూడా మారింది: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను స్పీచ్ థెరపిస్టుని. ఈఎన్‌టీ డాక్టరు గదిని ఆనుకునే నా గది. గొంతు బొంగురుపోయిందని వచ్చినవాళ్ళలో అప్పుడప్పుడూ ఒకరు మాట మధ్యలో ఎక్కిలి వచ్చి ఆగిపోతారు. "ఇది మామూలేనండీ, వారం పది రోజుల్నుంచీ ఉంది" అని నవ్వేస్తారు. ఆ "మామూలే" అన్న మాట వింటే నాకు కంగారుగా ఉంటుంది. చాలామందికి అది నిజంగా మామూలే. కొద్దిమందికి మాత్రం కాదు. ఇంట్లోవాళ్ళు నన్ను వరండాలో ఆపి, ఫోన్లు చేసి అడిగే ప్రశ్నలు మళ్ళీ మళ్ళీ అవే కాబట్టి ఇక్కడ రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళి చదువుకోండి.

## అప్పుడే మొదలైనప్పుడు

ఆ "హిక్" అనే చప్పుడు కడుపులోంచి వస్తుందా, గొంతులోంచా?

చప్పుడు గొంతుదే, కుదుపు మాత్రం కింద పుడుతుంది. ఛాతీకీ పొట్టకీ మధ్య గొడుగులా పరుచుకుని డయాఫ్రమ్ అనే కండరం ఉంటుంది. మనం ఊపిరి తీసేది ప్రధానంగా దాంతోనే. అది మన ప్రమేయం లేకుండా ఒక్కసారి గట్టిగా బిగుసుకుంటే గాలి లోపలికి దూసుకొస్తుంది. ఆ వెంటనే, దాదాపు 35 మిల్లీసెకన్లలో, అంటే రెప్పపాటు కన్నా తక్కువ సమయంలో, స్వరపేటికలోని రెండు స్వరతంత్రులూ ఠక్కున మూసుకుంటాయి. వచ్చే గాలికి దారి తెగిపోయినప్పుడు పుట్టే చప్పుడే ఆ "హిక్".

ఒకాయనకి ముక్కులోంచి సన్నటి కెమెరా గొట్టం వేసి చూస్తుండగా ఎక్కిలి వచ్చింది. తెల్లటి రెండు తంత్రులు సగం తెరిచిన కత్తెరలా ఉన్నవి, తెర మీద ఒక్క క్షణంలో ఒకదానికొకటి గుద్దుకుని మూసుకున్నాయి. మళ్ళీ నెమ్మదిగా విడివడ్డాయి. మనం మాట్లాడేటప్పుడు సెకనుకి వంద, రెండు వందల సార్లు మృదువుగా కంపించేవి కూడా ఇవే తంత్రులు. ఎక్కిళ్ళకీ గొంతుకీ సంబంధం ఏమిటని ఎవరైనా అడిగితే నాకు ఆ దృశ్యమే గుర్తొస్తుంది.

నీళ్ళు తాగించడం, పంచదార పెట్టడం, భయపెట్టడం. వీటిలో ఏది పనిచేస్తుంది?

కాసేపటి ఎక్కిళ్ళకి అన్నీ కొంతమందికి పనిచేస్తాయి. మెదడు నుంచి గొంతు, ఛాతీ మీదుగా కడుపు దాకా దిగే వేగస్ అనే నరాన్ని కదిలించడమో, ఊపిరి బిగబట్టించి ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ కాస్త పెరిగేలా చేయడమో వీటి వెనకున్న కిటుకు. ఊపిరి తీయకుండా ఏడు గుక్కలు నీళ్ళు తాగమనే చిట్కాలో ఈ రెండూ ఉన్నాయి. "నువ్వు పక్కింట్లో పెన్సిల్ దొంగతనం చేశావట కదా" అని పిల్లల్ని ఉలిక్కిపడేలా చేసినప్పుడు, వాళ్ళు తెలియకుండానే ఊపిరి బిగబడతారు.

పంచదార సంగతి డాక్టర్లు కూడా పరీక్షించి చూశారు. 1971లో అమెరికాలో అచ్చయిన ఒక చిన్న నివేదికలో, ఒక చెంచా పంచదారని నీళ్ళు లేకుండా పొడిగానే మింగిన 20 మందిలో 19 మందికి ఎక్కిళ్ళు ఆగాయని ఉంది. పోల్చి చూడటానికి పంచదార పెట్టని వాళ్ళు అందులో లేరు కాబట్టి దాన్ని గట్టి రుజువు అనను. అయినా ఒకసారి ప్రయత్నించడానికి అభ్యంతరం లేదు. షుగర్ ఉన్నవాళ్ళు మాత్రం గంటకోసారి చెంచాడు చొప్పున వేసుకోకండి.

కనుగుడ్లు నొక్కడం, మెడ పక్కన నరం దగ్గర రుద్దడం ఇంట్లో అస్సలు చేయొద్దు. గుండె వేగం ఒక్కసారిగా పడిపోవచ్చు. పక్షవాతం వచ్చినవాళ్ళకీ, మింగేటప్పుడు పొలమారే పెద్దవాళ్ళకీ గబగబా నీళ్ళు తాగించే చిట్కా ప్రమాదం. నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

ఎవరో తలుచుకుంటున్నారు అంటారు కదా?

మా అమ్మమ్మ వరసగా చుట్టాల పేర్లన్నీ చెప్పించేది. ఏ పేరు దగ్గర ఆగితే వాళ్ళే తలుచుకున్నట్టు. ధ్యాస మళ్ళి, ఊపిరి కుదురుకునే లోపు చాలాసార్లు ఆగిపోయేవి కూడా. మొదటి గంటలో ఆ ముచ్చట బాగుంటుంది. మూడో రోజున కూడా అదే మాట చెప్పుకుంటూ కూర్చోవద్దు.

కారం ముద్ద నోట్లో పెట్టగానే ఎక్కిళ్ళు వస్తాయి. ఇది జబ్బా?

కాదు. మిరపకాయలోని ఘాటు అన్నవాహికని చురుక్కుమనిపించి ఎక్కిలిని రేపుతుంది. పొడి అటుకులు, గుగ్గిళ్ళు గబగబా మింగినా, కడుపు బిర్రుగా తిని సోడా తాగినా, ఖైనీ వేసుకున్నా, మందు తాగినా ఇంతే. నెమ్మదిగా నమిలి, మొదటి ముద్దలో పెరుగో నెయ్యో కలుపుకుంటే చాలామందికి సర్దుకుంటుంది.

పసిబిడ్డకి రోజూ ఎక్కిళ్ళే. గొంతు పాడైపోతుందా?

పాడవదు. బిడ్డ కడుపులో ఉన్నప్పటి నుంచే ఎక్కిళ్ళు ఉంటాయి. చాలామంది తల్లులకి పొట్ట లయగా అదిరినట్టు తెలుస్తుంది కూడా. పాలు పట్టాక భుజాన వేసుకుని తేన్పు వచ్చేదాకా నెమ్మదిగా వీపు తట్టండి. ఆరు నెలల లోపు పిల్లలకి ఎక్కిళ్ళ కోసమని నీళ్ళు పట్టొద్దు. ఏడాది లోపు తేనె నాకించొద్దు. కొంగులోంచి దారప్పోగు తీసి తడిపి నుదుటిన పెట్టడం వల్ల హాని లేదు గానీ, అది జారి నోట్లోకి పోకుండా చూసుకోండి. పాలు తాగలేకపోవడం, బరువు పెరగకపోవడం, ఏడుపు బొంగురుగా ఉండటం, పెదాలు నీలంగా మారడం కనిపిస్తే పిల్లల డాక్టరుకి చూపించాలి.

## రెండు రోజులు దాటాక

ఎన్ని రోజులు చూడొచ్చు? ఎప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి?

48 గంటలు. అది దాటితే వైద్యులు వాటిని "ఆగని ఎక్కిళ్ళు"గా లెక్కగట్టి కారణం వెతుకుతారు. నెల దాటితే మొండి ఎక్కిళ్ళు అంటారు. మధ్యలో అరపూట ఆగి మళ్ళీ మొదలైనా సరే, రెండు రోజుల లెక్క అక్కడితో చెరిగిపోయిందనుకోకండి.

ఎందుకింత పట్టింపు అంటే, ఎక్కిళ్ళు నిమిషానికి నాలుగు మొదలుకుని అరవై దాకా రావచ్చు. నిమిషానికి ఇరవై అనుకున్నా, రాత్రీ పగలూ వస్తే రోజుకి 28,800. మనిషి తినలేడు, నిద్రపోలేడు, నాలుగు మాటలు వరసగా చెప్పలేడు. అమెరికాలో అయోవా రాష్ట్రానికి చెందిన చార్లెస్ ఆస్బోర్న్ అనే రైతుకి 1922లో మొదలైన ఎక్కిళ్ళు 1990 దాకా, 68 ఏళ్ళపాటు వచ్చాయి. "ఆయనకేమయింది, బతికాడుగా" అని ఆ కథ చెప్పి ధైర్యమిచ్చేవాళ్ళుంటారు. దయచేసి ఆ ధైర్యం మీద ఆధారపడకండి. ఆయనకి ఏమీ కాలేదు కాబట్టి మీ నాన్నగారికీ ఏమీ కాదని చెప్పలేం.

ఏ లక్షణాలు కనిపిస్తే వెంటనే 108కి ఫోన్ చేయాలి?

ఎక్కిళ్ళతో పాటు నడక ఒక పక్కకి తూలడం, కళ్ళు తిరగడం, వస్తువులు రెండుగా కనిపించడం, ముఖం ఒకవైపు తిమ్మిరెక్కడం, మింగలేకపోవడం, గొంతు ఉన్నట్టుండి మారిపోవడం ఉంటే మెదడు వెనక భాగంలో పక్షవాతం అయి ఉండొచ్చు. చెయ్యీ కాలూ పడిపోకుండా కూడా పక్షవాతం వస్తుంది. ఇది చాలామందికి తెలియదు. రక్తపు గడ్డని కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా మొదటి నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు కాబట్టి ఆలస్యం చేయొద్దు. ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం, రక్తపు వాంతి, నల్లటి విరేచనం ఉన్నా అంతే తొందర పడాలి.

ఒక రిటైర్డ్ టీచరుగారిని గొంతు పీలగా అయిపోయిందని మా దగ్గరికి తీసుకొచ్చారు. నాలుగు రోజుల్నుంచి ఎక్కిళ్ళు. అంతకుముందు చూపించుకున్న చోట గ్యాస్ అని మందులిచ్చారట. ఆయన నా ఎదురుగా కూర్చుని, రెండు నిమిషాలకోసారి భుజం మీది కండువా నోటికి అడ్డం పెట్టుకుంటున్నారు. ఎక్కిలి వస్తుందని సిగ్గుపడి అనుకున్నాను మొదట. కాదు, నోట్లో ఊరిన ఉమ్ము మింగలేక కండువాలోకి వదులుతున్నారు. కండువా ఒక అంచంతా తడిసిపోయింది. లేచి నిలబడితే ఎడమవైపుకి ఒరిగారు. ఎమ్మారై తీయిస్తే, మెదడు వెన్నుపాముతో కలిసే చోట ఉండే మెదడు కాండం అడుగు భాగంలో చిన్న పక్షవాతం. ఎక్కిళ్ళు, గొంతు, మింగడం, మూడూ ఆ చిన్న చోటే చెడ్డాయి. ఆయన కోలుకున్నారు గానీ, మొదటి రోజే వచ్చి ఉంటే అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఎండోస్కోపీ చేసి కడుపు బాగానే ఉందన్నారు. మరి ఎందుకు వస్తున్నాయి?

ఎక్కిలి దారి చాలా పొడుగు. మెదడు కాండంలో మొదలై, మెడలోంచి దిగి, గుండె పక్కగా వచ్చి, డయాఫ్రమ్‌నీ కడుపునీ చేరే నరాలు అందులో ఉన్నాయి. ఆ దారిలో ఎక్కడ ఒరుసుకున్నా కింద కుదుపు రావచ్చు.

ఎక్కువగా కనిపించేది కడుపులో ఆమ్లం పైకి తన్నడం. తర్వాత అన్నవాహిక వాపు, న్యుమోనియా, కాలేయం పైన చీము గడ్డ, గుండెపోటు, ఛాతీలోనో మెడలోనో కణితి, మెదడులో పక్షవాతం లేదా వాపు, రక్తంలో సోడియం తగ్గడం, కిడ్నీ పనిచేయకపోవడం. ఆపరేషన్ తర్వాత మత్తుమందు వల్ల, గొంతులో గొట్టం వేసినందువల్ల కొద్ది రోజులు రావచ్చు. కీమోథెరపీతో ఇచ్చే డెక్సామెథసోన్ వల్ల కూడా వస్తాయి. అది స్టెరాయిడ్, దాన్ని మీరుగా ఆపేయకుండా ఎక్కిళ్ళ సంగతి మీ కేన్సర్ డాక్టరుకి చెప్పండి. చెవిలో గుబిలి గట్టిపడి, లేదా ఒక వెంట్రుక కర్ణభేరికి తగులుతూ ఎక్కిళ్ళు తెప్పించిన సందర్భాలూ ఉన్నాయి. వేగస్ నరానికి చెవిలోనూ ఒక కొమ్మ ఉండటమే కారణం. అందుకే మంచి ఈఎన్‌టీ డాక్టరు ఎక్కిళ్ళ మనిషికి ముందు చెవులు చూస్తారు.

డయాలసిస్ మీద ఉన్న మనిషికి ఎక్కిళ్ళు వస్తే ఏం చేయాలి?

డయాలసిస్ సెంటరుకి ఆ రోజే ఫోన్ చేయండి. కిడ్నీలు వడపోయని మలినాలు రక్తంలో పెరిగినప్పుడు ఎక్కిళ్ళు ఒక గుర్తుగా వస్తాయి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో లాగా ఊరంతా కిడ్నీ జబ్బు ఉన్న చోట ఇంటింటా తెలియాల్సిన విషయం ఇది.

ఇంకో మాట. కోస్తే నక్షత్రం ఆకారంలో ముక్కలు వచ్చే స్టార్ ఫ్రూట్ తిన్నారేమో అడగండి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి పులుపుగా బాగుంటుంది, పెరట్లోనూ కాస్తుంది. కిడ్నీ చెడినవాళ్ళలో మాత్రం దానిలోని విషపదార్థం బయటికి పోక, మొదట ఆగని ఎక్కిళ్ళు, తర్వాత మతి తప్పడం, ఫిట్స్, ప్రాణం పోవడం దాకా వెళ్ళొచ్చు. ఒక్క కాయకే అలా జరగొచ్చు. కిడ్నీ రోగి ఉన్న ఇంట్లోకి ఆ కాయే తేవద్దు.

టెన్షన్ వల్ల వస్తాయా? నిద్రలో కూడా వస్తున్నాయి.

టెన్షన్ వల్ల రావచ్చు. ఆందోళనలో గాలి మింగేస్తాం, ఊపిరి లయ తప్పుతుంది. కానీ గాఢనిద్రలో కూడా ఎక్కిళ్ళు వస్తూ ఉంటే శరీరంలో కారణం ఉండటానికే అవకాశం ఎక్కువ. నిద్రపోగానే ఆగిపోయి మెలకువ రాగానే మొదలయ్యేవి మనసుకి సంబంధించినవి కావచ్చు. ఇది ఒక ఆధారమే, తీర్పు కాదు. రాత్రి పక్కన పడుకునేవాళ్ళు ఫోన్‌లో రెండు నిమిషాల వీడియో తీసి డాక్టరుకి చూపిస్తే ఎంతో మేలు.

## గొంతు, మాట, మింగడం

వారం నుంచి ఎక్కిళ్ళు. స్వరతంత్రులు చిరిగిపోతాయా?

చిరిగిపోవడం అన్నది నేను చూడలేదు, భయపడకండి. రోజుకి వేలసార్లు ఠక్కున మూసుకోవడం వల్ల గొంతు చుట్టూ కండరాలు అలిసిపోతాయి, బిగుసుకుంటాయి. సాయంత్రానికి గొంతు రాసుకుపోయినట్టు, పీలగా, పైస్థాయికి వెళ్ళనట్టు ఉంటుంది. మెడ ముందు భాగం నొక్కితే నొప్పి. నా అనుభవంలో గొంతుకి ఎక్కువ చేటు చేసేది ఎక్కిలి కాదు, దాన్ని ఆపాలని మనిషి చేసే బలవంతం. గొంతు బిగబట్టి మాట్లాడటం, ఎక్కిలి వచ్చేలోగా వాక్యం అయిపోవాలని తరుముకోవడం, ప్రతి ఎక్కిలి తర్వాతా గట్టిగా ఖళ్ళుఖళ్ళుమని సవరించుకోవడం. ఈ మూడూ మానేస్తేనే చాలామందికి నాలుగైదు రోజుల్లో తేడా కనిపిస్తుంది.

గొంతులో ముద్ద అడ్డం పడినట్టు, పొద్దున్నే మంట. ఇదీ ఎక్కిళ్ళ వల్లేనా?

ఆమ్లం పైకి రావడం వల్ల అయి ఉండొచ్చు. ఆమ్లం అన్నవాహికని ఒరిస్తే ఎక్కిలి వస్తుంది. ఎక్కిలి కుదుపుకి కడుపు పైనున్న కవాటం సడలి మరింత ఆమ్లం పైకి వస్తుంది. అలా ఒకదాన్నొకటి పెంచుకుంటాయి. ఆ ఆమ్లం స్వరపేటిక దాకా చేరితే గుండెల్లో మంట లేకుండానే గొంతులో ముద్ద, పొద్దున్న బొంగురు, పొడిదగ్గు ఉంటాయి.

రాత్రి భోజనానికీ పడకకీ మధ్య మూడు గంటలు ఉండాలి. మంచం తలవైపు కాళ్ళ కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేయండి. దిండ్లు పేర్చుకుంటే పొట్ట మడత పడి ఇంకా ఎక్కువవుతుంది. ఆమ్లం తగ్గించే మాత్రలు రాస్తే, చాలావరకు పరగడుపున, టిఫిన్‌కి అరగంట ముందు వేసుకోవాల్సినవి. తిన్నాక వేసుకుని "పనిచేయలేదు" అనేవాళ్ళని ఎంతమందిని చూశానో.

ఎక్కిళ్ళతో పాటు గొంతు బొంగురుపోయింది. రెండింటికీ ఒకే కారణం ఉంటుందా?

ఉండొచ్చు. ఈ పేజీ రాయడానికి ముఖ్య కారణం ఈ ప్రశ్నే. స్వరతంత్రుల్ని కదిలించే నరం వేగస్‌కి కొమ్మే. ఎడమవైపు కొమ్మ నేరుగా గొంతుకి వెళ్ళదు. ఛాతీలోకి దిగి, గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని కింద చుట్టు తిరిగి మళ్ళీ పైకి వచ్చి స్వరపేటికని చేరుతుంది. డయాఫ్రమ్‌కి వెళ్ళే ఫ్రెనిక్ నరం కూడా ఆ చుట్టుపక్కల నుంచే దిగుతుంది. కాబట్టి ఛాతీలో ఒక గడ్డ, ఉబ్బిన గ్రంథి, ఊపిరితిత్తి పైభాగపు కణితి, వీటిలో ఏదైనా అక్కడ ఒత్తితే ఎక్కిళ్ళూ రావచ్చు, గొంతూ పోవచ్చు.

మన దగ్గర జరిగేదేమిటంటే, ఎక్కిళ్ళ సంగతి కడుపు డాక్టరుకి చెబుతాం, గొంతు సంగతి ఈఎన్‌టీకి చెబుతాం. ఇద్దరి చేతిలోనూ సగం సగం కథే ఉంటుంది. ఏ డాక్టరు దగ్గర కూర్చున్నా రెండూ ఒకే ఊపిరిలో చెప్పండి: "ఫలానా తేదీ నుంచి ఎక్కిళ్ళు, ఫలానా తేదీ నుంచి గొంతు మార్పు." బీడీ, సిగరెట్, ఖైనీ, గుట్కా అలవాటు ఉంటే అదీ దాచకుండా చెప్పండి.

మాట మధ్యలో తెగిపోతోంది. ఆఫీసులో ఫోన్ ఎత్తాలంటేనే భయం. ఎలా మాట్లాడాలి?

వాక్యాలు చిన్నవి చేసుకోండి. ఐదారు మాటలకి ఒకసారి ఆగి, ముక్కుతో నెమ్మదిగా ఊపిరి తీసి, ఆ ఊపిరి మీద మళ్ళీ మొదలుపెట్టండి. ఎక్కిలి వచ్చాక వెంటనే మాట అందుకోవద్దు. తంత్రులు విడివడటానికి ఒక్క క్షణం ఇచ్చి, పెదాలు మూసి "మ్‌మ్" అని సన్నగా మూలిగి అక్కడి నుంచి మాటలోకి జారండి. గొంతు బిగుసుకోకుండా ఉంటుంది.

ఇంకో అభ్యాసం: గ్లాసులో రెండు అంగుళాల నీళ్ళు పోసి, స్ట్రా కొస అందులో ముంచి, "ఊ" అని సన్నగా అంటూ బుడగలు రానివ్వండి. రోజుకి నాలుగైదు సార్లు, ఒక్కోసారి రెండు నిమిషాలు. తంత్రులు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా కంపించడానికి అది ఒక దారి. ఎక్కిలి ఎప్పుడో ఒకటి వస్తుంటే ఊదడమే తప్ప, పొరపాటున నీళ్ళు పీల్చకుండా జాగ్రత్త. నిమిషానికి పదిహేను, ఇరవై వస్తుంటే ఇది వాయిదా వేయండి.

ఫోన్ ఎత్తగానే "నాకు ఎక్కిళ్ళున్నాయండీ, కాస్త ఆగి ఆగి మాట్లాడతాను" అని ముందే చెప్పేయండి. అవతలివాళ్ళు సర్దుకుంటారు. మీ గొంతూ సడలుతుంది.

గుసగుసగా మాట్లాడితే గొంతుకి విశ్రాంతి కదా?

కాదు. బలంగా గుసగుసలాడితే గొంతు కండరాలు ఇంకా బిగుసుకుంటాయి. మెల్లగా, మామూలు గొంతుతో, దగ్గరగా కూర్చుని మాట్లాడటమే మంచిది. అవసరం లేనప్పుడు మౌనం ఇంకా మంచిది.

నేను పాడతాను, కార్యక్రమం దగ్గర పడింది. గొంతు సాధన చేయొచ్చా?

ఎక్కిళ్ళు వస్తుండగా పైస్థాయి సాధన వద్దు. పాట ఎగసే క్షణంలో తంత్రులు సాగి ఉంటాయి, అప్పుడే అవి ఠక్కున మూసుకుంటే దెబ్బ ఎక్కువ. మంద్రంలో, పెదాలు మూసి, పది నిమిషాలు చాలు. హరికథ చెప్పేవాళ్ళు, మంత్రం చదివే పురోహితులు, క్లాసులో ఐదు పీరియడ్లు అరిచే టీచర్లు, అందరికీ ఇదే మాట. గొంతు బొంగురుగా ఉండగా బలవంతంగా పాడితే తంత్రి మీద రక్తం చిమ్మి నెలలు పోతాయి. కార్యక్రమం వాయిదా పడితే మళ్ళీ పెట్టుకోవచ్చు.

ఇంగ్లండులో ఒక యువ గాయకుడికి రెండేళ్ళకి పైగా ఎక్కిళ్ళు వచ్చాయి. పాట ఆగిపోయింది. కడుపులో కవాటం లోపమని మొదట భావించారు. చివరికి జపాన్‌లో చేసిన స్కాన్‌లో మెదడు కాండం దగ్గర కణితి కనిపించింది. 2009లో ఆపరేషన్ అయ్యాక ఎక్కిళ్ళు తగ్గాయి. ఇది చాలా అరుదు. నెలలు గడిచినా కారణం దొరకనప్పుడు మెదడు స్కాన్ గురించి అడగడానికి మొహమాటపడొద్దని చెప్పడానికే ఇది రాశాను.

మిరియాల పాలు, కరక్కాయ ముక్క, కలకండ, ఆవిరి. ఏవి పనికొస్తాయి?

మామూలు నీళ్ళ ఆవిరి, గోరువెచ్చటి నీళ్ళు, కలకండ గొంతుకి హాయినిస్తాయి. కలకండ షుగర్ లేనివాళ్ళకి. కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకుంటే ఉమ్ము ఊరి గొంతు తడిగా ఉంటుంది, పాడేవాళ్ళకి పాత అలవాటు. కానీ ఎక్కిలి కుదుపుకి ఆ ముక్క ఊపిరిగొట్టంలోకి జారొచ్చు. ఎక్కిళ్ళు వస్తున్నంతసేపూ నోట్లో ఏ గట్టి ముక్కా ఉంచుకోవద్దు. ఆమ్లం బాధ ఉన్నవాళ్ళకి మిరియాలు మంట పెంచుతాయి. ఆవిరి నీళ్ళలో ఘాటు బామ్‌లు కలపకండి.

అన్నం తింటుంటే పొలమారుతోంది. ఎలా తినిపించాలి?

ఎక్కిలి అంటేనే అకస్మాత్తుగా గాలి లోపలికి లాగడం. నోట్లో ముద్ద ఉండగా అది జరిగితే ముద్ద కూడా లోపలికి పోతుంది. నిటారుగా కూర్చోబెట్టి, ఎక్కిళ్ళు నెమ్మదించిన సమయం చూసి, చిన్న చెంచాతో, మెత్తగా కలిపిన పెరుగన్నమో పప్పన్నమో పెట్టండి. పలచటి చారన్నంలా నీళ్ళూ మెతుకులూ విడివిడిగా ఉండేది మింగడం కష్టం. తినేటప్పుడు మాట్లాడించొద్దు, టీవీ కట్టేయండి. తిన్నాక అరగంట పడుకోనివ్వద్దు. తిన్న ప్రతిసారీ దగ్గు, నీళ్ళు ఊరినట్టు గరగరమనే గొంతు, జ్వరం ఉంటే తినిపించడం ఆపి ఆస్పత్రికి వెళ్ళండి. పక్షవాతం వచ్చినవాళ్ళకి తల ఏ వైపు తిప్పి మింగాలో పరీక్షించి చెబుతాం, ఊహించి చేయకండి.

## డాక్టరు దగ్గర

ముందు ఎవరికి చూపించాలి? ప్రభుత్వ ఆస్పత్రుల్లో చూస్తారా?

ముందు జనరల్ ఫిజీషియన్. రక్తపరీక్షలు, ఈసీజీ, ఛాతీ ఎక్స్‌రే అక్కడే అయిపోతాయి. గొంతు మార్పు ఉంటే అదే వారంలో ఈఎన్‌టీ. హైదరాబాద్ కోఠిలోనూ, విశాఖపట్నంలోనూ ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రులే ప్రత్యేకంగా ఉన్నాయి. మెడికల్ కాలేజీ ఆస్పత్రుల్లోనూ ఆ విభాగం ఉంటుంది. ముక్కులోంచి కెమెరా వేసి చూడటానికి కొద్ది నిమిషాలే పడుతుంది. తిమ్మిరి మందు చల్లుతారు, నొప్పి కన్నా చిరాకే ఎక్కువ.

ఎక్కిళ్ళకి ఇచ్చిన మాత్రల వల్ల నోరెండిపోతోంది, మత్తుగా ఉంది. మానేయనా?

మానకుండా ఫోన్ చేసి చెప్పండి. క్లోర్‌ప్రోమజైన్ పాత మందు, అమెరికాలో ఎక్కిళ్ళకని అధికారికంగా అనుమతి ఉన్నది అదొక్కటే. దాంతో నోరు, గొంతు ఎండుతాయి, లేచి నిలబడితే బీపీ పడిపోయి కళ్ళు తిరుగుతాయి. పెద్దవాళ్ళని రాత్రి బాత్రూమ్‌కి ఒంటరిగా పంపొద్దు. బాక్లోఫెన్, గాబాపెంటిన్ కూడా ఇస్తారు, రెండూ మత్తుగానే ఉంటాయి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకి బాక్లోఫెన్ ఒంట్లో పేరుకుని స్పృహ తప్పే దాకా వెళ్ళొచ్చు, కాబట్టి కిడ్నీ సంగతి తప్పక చెప్పాలి. ఎవరికో పనిచేసిన చీటీ చూపించి మందుల షాపులో ఇవి తెచ్చుకోకండి. గొంతు ఎండటానికి గుక్క గుక్కగా నీళ్ళు, గదిలో తడి గాలి, కాఫీ తగ్గించడం సాయపడతాయి.

## ఆగిపోయాక

ఎక్కిళ్ళు ఆగి వారమైంది, గొంతు ఇంకా బాగుపడలేదు. ఎన్నాళ్ళు చూడాలి?

అలసట వల్ల వచ్చిన బొంగురు రెండు వారాల్లో చాలావరకు పోతుంది. మూడు వారాలు దాటితే, పొగ తాగే అలవాటు ఉంటే అంతకన్నా ముందే, స్వరపేటికని కెమెరాతో చూపించుకోండి. ఇదివరకు ఒకసారి చూసి బాగానే ఉందన్నా సరే. గొంతు బాగానే ఉన్నట్టు కనిపించి, కండరాలు బిగుసుకునే అలవాటు మిగిలిపోయిన వాళ్ళు కూడా ఉంటారు. వాళ్ళకి మందు అక్కర్లేదు, నాలుగైదు వారాల థెరపీ చాలు.

పక్కటెముకల కింద నొప్పి మిగిలింది. భయపడాలా?

రోజుల తరబడి కుదిపిన కండరాల నొప్పి అది, వారంలో తగ్గాలి. ఊపిరి తీస్తే పొడిచినట్టు ఉన్నా, జ్వరం వచ్చినా చూపించుకోండి.

మళ్ళీ వస్తే ఏం సిద్ధంగా పెట్టుకోవాలి?

ఒక చిన్న నోటుపుస్తకం. మొదలైన తేదీ, సమయం. నిమిషానికి ఎన్ని, గడియారం చూసి. ముందు రోజు ఏం తిన్నారు, కొత్తగా ఏ మందు మొదలుపెట్టారు. నిద్రలో వచ్చాయా. గొంతు ఏ రోజు నుంచి మారింది. రోజూ ఒకే వాక్యం, మీ పేరూ ఊరూ చెబుతూ, ఫోన్‌లో రికార్డు చేసి ఉంచండి. ఆ టీచరుగారి కోడలు అలాగే ఆరు వారాలు రికార్డు చేసింది. మొదటి రోజుది గాలి తప్ప ఏమీ వినపడదు. నలభయ్యో రోజున ఆయన తన పేరు తర్వాత ఎవరూ అడక్కుండానే ఒక పద్యం పాదం కూడా చదివారు.